పెంపుడు పిల్లి, ఇంటివారి దురద

బస్తరు సీమ పల్లెలయందు పిల్లిని వేడుకకై పెంచువారు తక్కువ. గాదెలోని వడ్లను, సామలను ఎలుకలనుండి కాపాడుకొనుటకై దానిని ఇంట నుంచుకొందురు. శబరి యొడ్డున కుంటయందును, ఇంద్రావతి ప్రాంతమున భూపాలపట్నమునందును తెలుగు మాటలాడు కుటుంబములకు గూడ నిది వాడుకయే. (ఈ రెండును పూర్వము బస్తరు జిల్లాలోనివే. భూపాలపట్నము 2007లో నేర్పడిన బీజాపూరు జిల్లాలోను, కుంట 2012లో నేర్పడిన సుక్మా జిల్లాలోను చేరినవి.) చలికాలమున పొయ్యి చల్లారిన పిదప పిల్లి పిల్లల దుప్పటిలోనికి దూరును. కొన్ని యిండ్లలో దురద అచ్చటనే ఆరంభమగును.

పిల్లికి గజ్జి కలిగించు పురుగు ఎనిమిది కాళ్ళు గలది. పిడుదు జాతికి దగ్గఱి చుట్టము. శాస్త్రజ్ఞులు దీనిని నోటోయిడ్రెస్ కాటి అందురు. నిడివి మిల్లీమీటరులో సుమారు నాల్గవవంతు. కావున సూక్ష్మదర్శిని లేక దీనిని గుర్తింపజాలము. అయినను దాని పని కంటికి కనబడును. మొదట చెవి యంచున వెండ్రుకలు రాలి, బూడిదరంగు పొలుసులు దట్టముగా కట్టును. పిమ్మట ముఖమునకు, కనుఱెప్పలకు, మెడకు వ్యాపించును. పిల్లి ముడుచుకొని పండుకొనును, పాదములతో ముఖము తుడుచుకొనును. అందుచే పాదములకును తోక మొదటికిని గూడ అంటుకొనును. ఒక పిల్లినుండి మఱియొక పిల్లికి మిక్కిలి వేగముగా సోకును.

షైలిటియెల్లా అను మఱియొక జాతి చర్మమును తొలువక, పైపైననే తిరుగును. ఇది యున్న పిల్లి చూచుటకు ఆరోగ్యముగనే యుండవచ్చును. వీపుపై చుండ్రు మాత్రము కనబడును. నల్లని గుడ్డపై పిల్లిని దువ్వి, రాలిన చుండ్రును నిదానించి చూడుడు. అందు కొన్ని రేణువులు కదలినచో అవియే పురుగులు. చెవులలో కాఫీపొడివంటి నల్లని మురికి యున్నచో అది చెవిపురుగుల లక్షణము. ఇవి మనుష్యులకు సోకుట అరుదు.

ఈ పురుగులు మనుష్యుని చర్మమున సంతతి వృద్ధిచేసికొనజాలవు. కఱచి, కొలదికాలమునకే నశించును. పిల్లిని ఎత్తుకొను ముంజేతులపైనను, రొమ్ముపైనను, పొట్టపైనను, తొడలపైనను ఎఱ్ఱని చిన్న పొక్కులు లేచి, తీవ్రమైన దురద కలుగును. పిల్లికి చికిత్స జరిగినచో సాధారణముగా రెండు మూడు వారములలో తామే మానును. పిల్లిని విడిచి మనుష్యులకు మాత్రమే మందు పూసినచో, మానిన దురద మరల మరల వచ్చుచుండును. మందు పనిచేయలేదని వైద్యుని నిందించువారు పొయ్యిప్రక్కనున్న పిల్లివంక చూడరు.

అయితే ప్రతి దురదకును పిల్లిని నిందించుటయు తప్పే. మనుష్యుల గజ్జి వేఱొక పురుగువలన వచ్చును. దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఉపేక్షిత ఉష్ణమండల వ్యాధులలో చేర్చినది. ఇది వ్రేళ్ళ సందులందును, మణికట్టునందును, నడుము చుట్టును, మర్మావయవములయందును కనబడును. మొదటిసారి సోకినప్పుడు దురద తెలియుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. పిల్లి పురుగుల దురద కొన్ని గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో తెలియును. మనుష్యుల గజ్జియైనచో, దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదియు ఒకే దినమున మందు పూసికొనవలయును. పిల్లిని తఱిమివేసి ఊరకున్న యింట ఆ గజ్జి నెలల తరబడి నిలుచును.

ముఖ్యముగా నెఱుగవలసిన దొకటి గలదు. మనుష్యుల గజ్జికి వైద్యులిచ్చు పెర్మెత్రిన్ లేపనము పిల్లికి విషము. దానిని విఱిచి వెలికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. పూసిన కొలదిసేపటికే వణకు, చొంగ, మూర్ఛలు కలిగి పిల్లి మరణింపవచ్చును. బెంజైల్ బెంజోయేట్ గూడ అట్టిదే. పైరుకు చల్లు పురుగుమందు, ఫినాయిలు, కిరసనాయిలు వీనిని పిల్లికి పూయనేరాదు. పూసినదంతయు అది నాకి మ్రింగును. పిల్లికి తగిన మందును, దాని మోతాదును పశువైద్యుడే నిర్ణయింపవలయును. ఇంట ఎన్ని పిల్లులున్నను అన్నింటికిని ఒకేసారి చికిత్స జరుగవలయును. అంతవఱకు పిల్లిని పడకలోనికి రానీయకుడు.

దుప్పట్లను, పిల్లి పండుకొను గోనెను వేడినీట నుతికి, ఎఱ్ఱని యెండలో ఆఱవేయుడు. షైలిటియెల్లా పిల్లి దేహము విడిచిన పిదప గూడ పదిదినముల వఱకు బ్రతుకగలదు గనుక ఈ పనిని ఒక్కమాఱుతో ముగింపరాదు. సంతలో దొరకు మిశ్రమ లేపనములను పూయకుడు. అందలి స్టెరాయిడు దురదను కొంత అణచి రోగమును మఱుగుపఱచును. పిల్లినుండి వచ్చినది తామర యైనచో దానిని పెంచును గూడ.

వైద్యునియొద్దకుగాని, గ్రామమందలి మితానిన్ యొద్దకుగాని పోయినప్పుడు ఇంట పిల్లి గలదని మఱువక చెప్పుడు. పిల్లలు గోకికొనకుండ వారి గోళ్ళు కత్తిరించుడు. గోకిన పొక్కులు చీముపట్టినచో ఉపేక్షింపరాదు. కొన్ని చీముపుండ్లలోని క్రిములవలన మూత్రపిండములకు వాపు రావచ్చును. చర్మము మానిన కొన్ని వారములకైనను బిడ్డ ముఖము ఉబ్బినను, మూత్రము ఎఱ్ఱబాఱినను, ఆనాడే ఆస్పత్రికి గొనిపోవలయును.