కొత్త నమూనా - ఫోటో పెట్టేముందు

మా సంఘానికి ఈ మధ్య ఒకే తీరు ఫిర్యాదు పదేపదే వస్తున్నది. తండ్రి నెల రోజులు గ్రాఫు కాగితం మీద గీసి, జకార్డు అట్టలు కొట్టించి కొత్త అంచు వేస్తాడు. కొడుకు ఉత్సాహం పట్టలేక, చీర మగ్గం మీద ఉండగానే సెల్‌ఫోనుతో ఫోటో తీసి అందరికీ కనబడేటట్లు పెడతాడు. పండుగ నాటికి అదే అంచు మరమగ్గం చీర మీద, సగం ధరకు, బజారులో కనబడుతుంది. "మా అంచు కాజేశారండీ" అని వస్తారు. మేము ముందుగా అడిగేది ఒక్కటే: ఫోటో ముందా, రిజిస్ట్రేషను ముందా?

2000 సంవత్సరపు డిజైనుల చట్టం క్రింద కొత్త నమూనాను రిజిస్టరు చేయించుకుంటే 10 ఏళ్లు, మరల రుసుము కడితే ఇంకొక 5 ఏళ్లు దానిపై హక్కు మనది. అయితే దరఖాస్తు పెట్టేనాటికి ఆ నమూనా లోకానికి వెల్లడి కాకుండా ఉండవలె. మన దేశంలో గాని పరదేశంలో గాని ప్రకటించినా, అమ్మకానికి పెట్టినా అది పాతదైపోయినట్లే. మన ఫోటో మనమే పెట్టుకున్నా అంతే. ఈ సంగతి మాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. రహస్యంగా ఉంచమని చెప్పి నమ్మకం మీద ఒక షావుకారుకు చూపితే మాత్రం హక్కుకు భంగం లేదు. ఆ మాట చీటీ మీద వ్రాయించుకోండి. డిజైనుల కార్యాలయం కోల్‌కతాలో ఉన్నది. చెన్నై, ముంబయి కార్యాలయాలలోనూ దరఖాస్తు ఇవ్వవచ్చు. వ్యక్తిగా పెట్టేవారికి రుసుము 1,000 రూపాయలు.

కాపీరైటు ఉన్నది గదా అంటారు కొందరు. గీసిన బొమ్మకు 1957 నాటి కాపీరైటు చట్టం రక్షణ ఇచ్చే మాట నిజమే. కాని రిజిస్టరు చేయదగిన నమూనాను చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి సరకు తీస్తే ఆ హక్కు పోతుందని అందులోని 15వ సెక్షను చెబుతున్నది. చేమగ్గం ఆ పద్ధతిలోకి వస్తుందా రాదా అనేది వకీళ్ల వాదన. దానిని నమ్ముకొని కూర్చోవద్దని మా మాట. షోలాపూరు చద్దరుకు, బరంపురం పట్టుకు ఉన్న భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడేది. మీ ఇంట పుట్టిన బుటాను కాదు.

రుద్రాక్ష, మామిడి పిందె, హంస, గోపురం అంచు తాతల నాటివి, అందరివీ. వాటిని నేసినవారిని దొంగ అనరాదు. ఆ మాట మనవాళ్లు తొందరపడి వాడుతున్నారు.

ఎదుటివారి మగ్గం మీది చీరను ఫోటో తీసి "మా సరకు" అని పెట్టేవారు మనలోనూ ఉన్నారు. ఫోటోపై హక్కు సాధారణంగా తీసినవారిది, నమూనా వేసినవారిది. ఇద్దరినీ అడగవలె. క్రింద నేసినవారి పేరు, ఊరు వ్రాయవలె. వద్దంటే మానుకోవలె.

దరఖాస్తు నెంబరు చేతికి వచ్చిన తరువాత మీ ఫోటో నిశ్చింతగా పెట్టండి. అంతవరకు కొత్త అంచుపై ఒక గుడ్డ కప్పి ఉంచండి. ఇంట్లో పిల్లలున్నవారు మరీను.