మాత్రకు లొంగని విరేచనాలు
* అనవసర వాడకంతో రాటుదేలుతున్న బ్యాక్టీరియా
* అసలైన అవసరం వచ్చేసరికి పనిచేయని మందు

సంగారెడ్డి: తొలకరి జల్లులు పడ్డాయంటే పల్లెల్లో, బస్తీల్లో విరేచనాల బాధితులు పెరుగుతారు. తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరడం, తినుబండారాలపై ఈగలు ముసరడం ఇందుకు ప్రధాన కారణాలు. కడుపు కదిలిన వెంటనే చాలామంది మందుల దుకాణానికి వెళ్లి రెండు మాత్రలు అడిగి తెచ్చుకుంటారు. తరచూ చేతికందేది నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన మాత్రే. మరునాటికి విరేచనాలు తగ్గితే అది మాత్ర మహిమేనని నమ్ముతారు. మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచి పోషిస్తున్నది ఈ నమ్మకమే.

అన్నింటికీ అవసరం లేదు

పసిపిల్లల్లో నీళ్ల విరేచనాలు ఎక్కువగా రోటావైరస్ వంటి వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్‌లపై యాంటీబయాటిక్‌లు పనిచేయవు. బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలు కూడా చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. యాంటీబయాటిక్ నిజంగా అవసరమయ్యేది ముఖ్యంగా రక్తంతో కూడిన జిగట విరేచనాలకు, తీవ్రమైన కలరాకు. రక్త విరేచనాలకు ముఖ్య కారణమైన షిగెల్లా బ్యాక్టీరియాను 1897లో జపాన్ శాస్త్రవేత్త కియోషి షిగా గుర్తించారు. పది నుంచి వంద క్రిములు కడుపులోకి చేరినా ఈ వ్యాధి సోకుతుంది.

ఒక్కొక్కటిగా చేజారిన మందులు

షిగెల్లాపై తొలుత సల్ఫా మందులు బాగా పనిచేశాయి. 1950లలో జపాన్‌లో ఒకేసారి నాలుగు రకాల మందులకు లొంగని షిగెల్లా బయటపడింది. ఈ నిరోధక శక్తిని ఇచ్చే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి మరో జాతి బ్యాక్టీరియాకు నేరుగా చేరగలవని అక్కడి శాస్త్రవేత్తలు 1959లో నిరూపించారు. పేగుల్లో హాని చేయకుండా ఉండే ఈ-కొలి సైతం ఆ జన్యువులను షిగెల్లాకు అందించగలదు. అంటే నేడు అనవసరంగా మింగిన మాత్రకు పేగుల్లోని నిరపాయ క్రిములు రాటుదేలి, రేపు వచ్చే రోగక్రిమికి ఆ శక్తిని పంచిపెడతాయి.

1984లో పశ్చిమ బెంగాల్‌లో రక్త విరేచనాలు ప్రబలినప్పుడు ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ వంటి మందులు విఫలమయ్యాయి. అప్పుడు ఆదుకున్న నాలిడిక్సిక్ యాసిడ్ కూడా కొన్నేళ్లకే పట్టు కోల్పోయింది. 2002లో సిలిగురి సమీప తేయాకు తోటల కార్మికుల్లో సిప్రోఫ్లాక్సాసిన్‌కూ లొంగని షిగెల్లా కనిపించింది. సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ ఒకే కుటుంబానికి చెందినవి. బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని విప్పే ఎంజైమును ఇవి పట్టి నిలిపివేస్తాయి. ఆ ఎంజైములో స్వల్ప మార్పు వచ్చినా మందు పట్టు సడలుతుంది. అందుకే ఒకదానిని ఇష్టానుసారం వాడితే రెండోదానికీ ముప్పు తప్పదు. ఈ కుటుంబం మందులకు లొంగని షిగెల్లాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో అధిక ప్రాధాన్యం గల ముప్పుల జాబితాలో చేర్చింది.

పటాన్‌చెరు పాఠం

ముప్పు మందుల దుకాణంతోనే ఆగడం లేదు. పటాన్‌చెరులో సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రంపై స్వీడన్ పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. శుద్ధి అనంతరం వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే పరిమాణం కంటే ఇది ఎక్కువ. దిగువన వాగు అడుగు మట్టిలో నిరోధక జన్యువులు పెద్దఎత్తున ఉన్నట్లు 2011లో మరో అధ్యయనం వెల్లడించింది. పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020లో ముసాయిదా విడుదల చేసినా, 2021 నాటి తుది నోటిఫికేషన్‌లో వాటికి చోటు దక్కలేదు.

ప్రాణం నిలిపేది ఉప్పు-చక్కెర నీరే

విరేచనాల్లో ప్రాణం తీసేది చాలావరకు ఒంట్లోని నీరు, లవణాలు తరిగిపోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బనగావ్‌లో నెలకొల్పిన శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి మరణాలను దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపునకు తగ్గించారు. నేటి ఓఆర్ఎస్ పొట్లానికి ఊరూరా ఆదరణ రావడానికి ఆ అనుభవమే బాట వేసింది.

పాటించాల్సినవి

* విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్ఎస్ తాగించాలి. పొట్లంపై సూచించినంత నీటిలోనే కలపాలి. పొట్లం దొరకకుంటే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి.
* పిల్లలకు తల్లిపాలు, ఆహారం ఆపరాదు. వైద్యుని సలహాతో 10 నుంచి 14 రోజులు జింకు ఇవ్వాలి.
* మలంలో రక్తం, తీవ్ర జ్వరం, కళ్లు లోతుకు పోవడం, మూత్రం రాకపోవడం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తరలించాలి.
* వైద్యుడు చీటీ రాస్తేనే యాంటీబయాటిక్ కొనాలి. చెప్పినన్ని రోజులు వాడాలి. మిగిలిన మాత్రలను మరొకరికి ఇవ్వరాదు.
* మలవిసర్జన తర్వాత, అన్నం వడ్డించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వ్యాధి సోకకుంటే మందుతోనే పని ఉండదు.