బంతి కుడికేల వంగును?

గోల్ఫు ఆట నేర్వ నారంభించిన వానికి మొదటి నెలలోనే పరిచయమగు పీడ యొకటి కలదు. బంతి తిన్నగానే బయలుదేరును. కొంతదూరము చక్కగా పోవుచున్నట్లే కనిపించును. పిమ్మట వెనుకనుండి ఎవరో పిలిచినట్లు కుడివైపునకు తిరిగి, వంగి వంగి, చెట్లలోనో, పొదలలోనో, ప్రక్క ఆటగాండ్ర నడుమనో పడును. దీనికి ఆంగ్లేయులు స్లైసు అని పేరిడిరి. మనదేశపు ఆటగాండ్రును ఆ పేరుతోనే వ్యవహరింతురు.

నా మిత్రుడొకడు 40 యేండ్లు దాటిన పిమ్మట ఈ ఆట చేపట్టెను. ఒకనాటి ఉదయమున అతడు కొట్టిన బంతి అట్లే వంగిపోయి, ప్రక్కనున్న పచ్చికలో గడ్డి కోయుచున్న ఒక స్త్రీకి రెండడుగుల దూరమున పడినది. ఆమె తలయెత్తి చూచి, కొంగు సవరించుకొని, మరల కొడవలి అందుకొన్నది. నా మిత్రుడు మాత్రము ఆనాడు మరియొక బంతి కొట్టలేదు. సాయంకాలము మా యింటికి వచ్చి, "ఈ కర్రలు ఎవరికైనా ఇచ్చేస్తానోయ్. బంతి నా మాట వినడం లేదు" అన్నాడు. అతని భయము నిర్హేతుకము కాదు. గోల్ఫు బంతి బరువు ఇంచుమించు 46 గ్రాములే యైనను, అది రాయివలె గట్టిది. పెద్ద కర్రతో గట్టిగా కొట్టినప్పుడు గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగముతో బయలుదేరును. కావున ఈ దోషమును సవరించుకొనుట గెలుపోటముల విషయము మాత్రమే కాదు. ఇరుగు పొరుగుల క్షేమముతో కూడిన విషయము.

బంతి మాట వినకపోవుట లేదని నా మిత్రునకు చెప్పితిని. అది మనము చెప్పిన మాటనే తు.చ. తప్పక వినుచున్నది. మనమేమి చెప్పుచున్నామో మనకు తెలియకుండుటయే చిక్కు.

రేడియోలో బొమ్మ గీసి చూపుటకు వీలులేదు గనుక దిక్కుల సాయము తీసికొందము. బంతిని మనము తూర్పునకు కొట్టదలచితిమనుకొనుడు. కుడిచేతి వాటము గల ఆటగాడు దక్షిణముఖముగా నిలుచును. అతని ఎడమ భుజము తూర్పునకును, కుడి భుజము పడమటికిని ఉండును. బంతి అతని యెదుట నేలపై ఉండును. తూర్పునకు పోవలసిన బంతి దక్షిణమునకు వంగినచో అది స్లైసు. ఎడమచేతి వాటము గల శ్రోతలు ఉత్తర దక్షిణములను తారుమారు చేసికొనిన చాలును. తక్కినదంతయు వారికిని వర్తించును.

కర్ర బంతిని తాకియుండు కాలము సెకనులో ఇంచుమించు రెండువేలవ వంతు. ఆ క్షణమున బంతికి అందునవి ముఖ్యముగా రెండు వార్తలు. కర్ర తల ఏ దిక్కునకు ప్రయాణించుచున్నదన్నది మొదటిది. దీనిని త్రోవ అందము. కర్ర తల యొక్క చదునైన ముఖము ఏ దిక్కును చూచుచున్నదన్నది రెండవది. దీనిని ముఖము అందము. త్రోవయు ముఖమును ఒకే దిక్కున ఉన్నచో బంతి వంకర లేక పోవును. త్రోవకంటె ముఖము దక్షిణమునకు తెరచుకొని యున్నచో, కర్ర బంతిని సూటిగా నెట్టక ఒరసికొని పోవును. అప్పుడు బంతి, పైనుండి చూచువానికి గడియారపు ముల్లు తిరుగు దిక్కున, బొంగరమువలె తిరుగుచు బయలుదేరును. ఆ తిరుగుడే వంపునకు మూలము.

తిరుగు బంతి గాలిలో ఏల వంగవలెను? ఈ ప్రశ్న గోల్ఫుకంటె పెద్దది. వంకరగా పట్టిన బ్యాటుతో కొట్టిన టెన్నిసు బంతి వక్రముగా పోవుటను న్యూటను 1672లో వ్రాసిన ఒక లేఖలో ప్రస్తావించెను. జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ 19వ శతాబ్ది మధ్యకాలమున ఈ విషయమును ప్రయోగములతో పరిశీలించుటచే దీనికి మాగ్నస్ ప్రభావమను పేరు నిలిచినది. తిరుగు బంతి తన చుట్టునున్న గాలిని కొంత తనతో లాగుకొని పోయి, వెనుక విడుచు గాలిని ఒక ప్రక్కకు త్రోయును. గాలిని ఉత్తరమునకు త్రోసిన బంతి తాను దక్షిణమునకు జరుగును. తెడ్డుతో నీటిని ఒక దిక్కునకు నెట్టిన పడవ రెండవ దిక్కునకు సాగుట వంటిదే యిది.

గోల్ఫు బంతిపై ఈ పరిశోధనను సాగించినవాడు ఎడింబరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్. 1890 ప్రాంతములలో ఆయన బంతికి పొడవైన నాడాను అంటించి, దగ్గరనుండి కొట్టించి, నాడాలో పడిన మెలికలను లెక్కించి, బంతి ఎన్నిమారులు తిరిగినదో కనుగొనెను. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోను, 1898లోను బ్రిటిషు అమెచ్యూరు ఛాంపియనుగా గెలిచిన ఆటగాడు. తండ్రి లెక్కయు కుమారుని దెబ్బయు ఒకే యింట నుండుట అరుదైన సంగతి.

ఆచార్య టెయిట్ తేల్చిన ముఖ్యవిషయము మరియొకటి కలదు. గోల్ఫు బంతికి వెనుకకు తిరుగు తిరుగుడు ఎప్పుడును ఉండును; గాలిలో దానిని మోసికొని పోవునది అదియే. స్లైసులో రెండు వేరువేరు తిరుగుళ్ళు ఉండవు. బంతి తిరుగు ఇరుసు ఒక్కటే. అది దక్షిణమునకు ఒరిగి యుండును, అంతే. గాలిపటము ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు ఆ ప్రక్కకే పోవునట్లు, ఇరుసు ఒరిగిన బంతియు పైకి లేచుచునే ప్రక్కకు జారును. డ్రైవరను పెద్ద కర్రతో స్లైసు ఘోరముగా ఉండుటకు కారణము నిచటనే చూడవచ్చును. డ్రైవరు ముఖము ఇంచుమించు 10 డిగ్రీలు మాత్రమే వెనుకకు వాలి యుండుటచే వెనుక తిరుగుడు తక్కువ. ముఖము కొంచెము తెరచుకొన్నను ఇరుసు ఎక్కువగా ఒరుగును. 30 డిగ్రీలకు మించి వాలియుండు ఏడవ నెంబరు ఇనుప కర్రతో అదే తప్పు చేసినను వంపు తక్కువ.

ఇక నేర్చుకొనువాడు చిక్కుపడు చోటికి వత్తము. బంతి కుడికి పోవుచున్నదని చూచినవాడు ఏమి చేయును? మరునాడు కొంచెము ఎడమకు తిరిగి నిలుచును. కర్రను ఎడమకు లాగి కొట్టును. బంతి మరింత కుడికి వంగును. ఆతడు మరింత ఎడమకు తిరుగును. ఒక లెక్క చూడుడు. కర్ర త్రోవ తూర్పునుండి 6 డిగ్రీలు ఉత్తరముగా ఉన్నదనుకొనుడు. ముఖము 2 డిగ్రీలు ఉత్తరముగా చూచుచున్నది. ముఖము గమ్యమునకు ఎడమగానే ఉన్నది గదా యని మన మనుకొందుము. కాని త్రోవకంటె అది 4 డిగ్రీలు దక్షిణమునకు తెరచుకొని యున్నది. బంతి కొంచెము ఎడమగా బయలుదేరి కుడికి వంగితీరును. ఎడమకు లాగినకొలది త్రోవకును ముఖమునకును నడుమ ఎడము పెరుగును. ఎడము పెరిగినకొలది వంపు పెరుగును. రోగి తాను పుచ్చుకొను మందుచేతనే రోగమును పెంచుకొనుట యన ఇదియే.

బంతి మొదట కర్ర త్రోవనే బయలుదేరునని పూర్వపు గురువులు పెక్కుమంది నేర్పుచుండిరి. ఈ శతాబ్దమున రాడారుతో బంతిని కొలుచు పరికరములు వాడుకలోనికి వచ్చిన పిమ్మట అది సరికాదని తేలినది. బంతి బయలుదేరు దిక్కును అధికభాగము నిర్ణయించునది ముఖమే. ఇది తెలిసినవాడు తన బంతినే గురువుగా చేసికొనవచ్చును. బంతి ఎటు బయలుదేరినదో చూచిన ముఖము తెలియును. పిమ్మట ఎటు వంగినదో చూచిన త్రోవ తెలియును.

అయితే ఒక పరీక్ష ముందుగా చేసికొనవలెను. కర్ర ముఖముపై పలుచగా పౌడరు చల్లి నాలుగైదు బంతులు కొట్టి, గుర్తు ఎక్కడ పడినదో చూడవలెను. డ్రైవరు తలలో పిడి వైపు అంచున తగిలిన బంతి, తక్కినవన్నియు సరిగా ఉన్నను కుడికి వంగుటకు చూచును. గుర్తు అక్కడనే పడుచున్నచో, బంతికి మరీ దగ్గరగా నిలుచుచున్నామా, దెబ్బ వేళకు ముందునకు తూలుచున్నామా యని చూచుకొనవలెను.

ఇక చికిత్స. ముఖమును ముందు సవరింపవలెను, త్రోవను తరువాత. ముఖమును సవరించునది పట్టు. ఎడమచేతితో పిడిని పట్టి క్రిందికి చూచుకొనుడు. ఎడమచేతి కణుపులలో ఒక్కటి మాత్రమే కనిపించుచున్నచో పట్టు చాలదు. రెండో మూడో కనిపించువరకు ఆ చేతిని కుడివైపునకు త్రిప్పి పట్టవలెను. కుడిచేతిని దానిపై అమర్చినప్పుడు రెండుచేతుల బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఏర్పడు గీతలు కుడిభుజమువైపు చూపవలెను. ఇట్లు పట్టినచో దెబ్బ వేళకు ముఖము తనంతట తాను మూసికొనివచ్చును. బిగి విషయము మరువరాదు. తిరునాళ్ళలో చిన్నపిల్లవాని చేయి ఎట్లు పట్టుకొందుమో అట్లు పట్టవలెను: జారిపోనీయరాదు, నొప్పింపరాదు. పిడికిలి బిగిసినచో మణికట్టు బిగియును. మణికట్టు బిగిసినచో ముఖము తెరచుకొనియే ఉండిపోవును.

పట్టు మార్చిన మొదటి దినములలో ఒక వింత జరుగును. ఇన్నాళ్ళు కుడికి పోయిన బంతి ఎడమకు తిన్నగా పోవును. నేర్చుకొనువాడు హడలిపోయి పాత పట్టునకు తిరిగిపోవునది ఈ ఘట్టముననే. పోరాదు. బంతి వంగక ఎడమకు పోయినదనగా ముఖమును త్రోవయు ఏకమైనవని అర్థము. ఇక మిగిలినది త్రోవ యొక్కటే. ఎడమకు పోవు బంతిని చూచిన శరీరము తనకు తానే ఎడమకు లాగుట కొంత మానుకొనును. తక్కినది మనము నేర్పవలెను.

త్రోవ చెడుటకు మొదటి కారణము నిలుకడ. పాదములు, నడుము, భుజములు మూడును గమ్యరేఖకు సమాంతరముగా ఉండవలెను. రెండు కర్రలు నేలపై పరచి, ఒకటి గమ్యమువైపు, ఒకటి పాదముల ముందు ఉంచుకొని చూచిన భ్రమ తొలగును. డ్రైవరుతో కొట్టునప్పుడు బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండవలెను. అంతకంటె ముందుకు పోయినచో దానిని అందుకొనుటకై భుజములు ఎడమకు తిరుగును. రెండవ కారణము తొందర. కర్రను వెనుకకు ఎత్తినవాడు దించునప్పుడు కుడిభుజముతో ముందుకు దూకును. అప్పుడు కర్ర బంతికి ఆవలినుండి వచ్చి ఈవలికి పోవును. దించుట క్రిందినుండి మొదలుకావలెను. బరువు ఎడమపాదముపైకి రావలెను, నడుము తిరుగవలెను, చేతులు వెంట రావలెను.

దీనికొక తేలికైన అభ్యాసము కలదు. బంతికి ఆవలివైపున, జానెడు వెనుకగా, అనగా నైరృతి మూలలో, ఖాళీ అట్టపెట్టె నొకదానిని ఉంచుడు. సరియైన త్రోవలో వచ్చు కర్రకు అడ్డురానంత ఎడము విడువుడు. ఆవలినుండి వచ్చు కర్ర పెట్టెను కొట్టును. ఈవలినుండి వచ్చు కర్ర బంతిని మాత్రమే కొట్టును. ఏడవ నెంబరు కర్రతో, నడుము ఎత్తువరకే ఎత్తి, మెల్లగా కొట్టవలెను. పెట్టె కదలనప్పుడే మరికొంత ఎత్తవలెను. డ్రైవరును చిట్టచివర పట్టవలెను.

బంతి స్వాధీనమగు వరకు పాటింపవలసిన మర్యాద యొకటి కలదు. కుడివైపున మనుష్యులుండగా పెద్ద కర్ర తీయరాదు. తప్పి బంతి వారివైపు పోయినచో సిగ్గుపడక "ఫోర్" అని గొంతెత్తి కేకవేయవలెను. ఆ కేకలో అవమానము లేదు, వేయకుండుటలోనే కలదు.

నా మిత్రుడు కర్రలు ఎవరికిని ఇయ్యలేదు. రెండు నెలలు అట్టపెట్టెతో కుస్తీపట్టెను. ఒకనాడు ఫోను చేసి, "ఇవాళ తిన్నగా పోయిందోయ్, ఒక్కటే, కాని పోయింది" అన్నాడు. ఆనాడు గూడ ఆ స్త్రీ ప్రక్కన గడ్డి కోయుచుండెనట. ఆమె పని ముగించి అవతలికి పోవువరకు నిలిచి, పిమ్మటనే కొట్టితినని చెప్పెను. బంతి తిన్నగా పోయినదన్న మాటకంటె ఈ మాటయే నాకు ఎక్కువ సంతోషమును కలిగించినది.