ముగ్గురాయి చెప్పిన లెక్క

రాజంపేట నుంచి రైల్వే కోడూరు వైపు వెళ్తే ఓబులవారిపల్లె దగ్గర మంగంపేట గనులు వస్తాయి. అక్కడ దొరికే బెరైట్స్‌ను మనవాళ్ళు ముగ్గురాయి అంటారు. ప్రపంచంలోని పెద్ద బెరైట్స్ నిక్షేపాలలో ఇది ఒకటి. ఈ రాయి ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. అంతే పరిమాణమున్న కంకరరాయి కన్నా ఎంతో బరువనిపిస్తుంది. ఆ బరువు ఎంతో తేల్చడానికి ఒక స్ప్రింగు త్రాసు, బకెట్టు నీళ్ళు, సన్నటి దారం ఉంటే చాలు.

రాయిని ముందు గాలిలో తూచండి. తర్వాత నీటిలో వేలాడదీసి తూచండి. గాలిలోని బరువును, నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే రాయి సాపేక్ష సాంద్రత వస్తుంది. ఆర్కిమిడీస్ సూత్రం మీరు చదివే ఉంటారు కదా!

ప్రయోగం పది నిమిషాల్లో అయిపోతుంది. చిక్కంతా రికార్డు వ్రాయడంలోనే. "రాయిని గాలిలో, నీటిలో తూచితిమి. సాపేక్ష సాంద్రత 4.5 అని తెలిసినది" అని ముగించేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 4.5 అనేది స్వచ్ఛమైన బేరియం సల్ఫేటుకు పుస్తకాల్లో ఉండే విలువ. మరి మీ చేతిలోని రాయి సంగతేమిటి?

మీ రికార్డు చదివిన పక్క ఊరి విద్యార్థి, మిమ్మల్ని ఏమీ అడగకుండానే అదే ప్రయోగం చేయగలగాలి. రాయి పూర్తిగా మునిగిందా? బకెట్టు అడుగుకు తగిలిందా? అంటుకున్న గాలి బుడగలను దారం కదిపి వదిలించారా? ఇవన్నీ వ్రాయాలి. రాయి అడుగుకు ఆనినా, బుడగలు పట్టుకున్నా నీటిలో బరువు మరీ తగ్గినట్లు కనిపించి, సాంద్రత తక్కువగా వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి, నీలిరంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. దాన్ని చదివి ఎక్కడెక్కడివారో ఆ పరీక్ష చేశారు. నేటికీ దానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరు.

ఇక అంకెలు. మీ త్రాసు మీద 10 గ్రాములకొక గీత ఉందనుకోండి. గాలిలో 250, నీటిలో 190 గ్రాములు వచ్చింది. తగ్గింది 60. క్యాలుక్యులేటరు 4.1666666 అంటుంది. దాన్నంతా దించేయకండి! ముల్లు ఎక్కడుందో చూడడంలో 5 గ్రాములు అటూ ఇటూ కావచ్చు. తగ్గిన బరువు 55 అయితే జవాబు 4.5 దాటుతుంది, 65 అయితే 3.8కి దిగుతుంది. కాబట్టి "సుమారు 4.2, 3.8కీ 4.5కీ మధ్య" అని వ్రాయడమే నిజం.

ఇంత పట్టింపు దేనికంటారా? చమురు బావులు తవ్వేటప్పుడు, అడుగునుంచి తన్నుకొచ్చే గ్యాసును అణచిపెట్టడానికి బెరైట్స్ పొడి కలిపిన బరువైన బురదను బావిలోకి పంపుతారు. ఆ పొడికి సాంద్రత 4.2 ఉండాలని పాత ప్రమాణం, తర్వాత 4.1 రకాన్నీ అనుమతించారు. ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995లో కోనసీమలోని పాశర్లపూడిలో చూశాం. ఆ బావి రెండు నెలలకు పైగా మండింది. పుస్తకం చూసి 4.5 వేసినవాడి రికార్డు అక్కడ ఎందుకు పనికొస్తుంది?

పుస్తకంతో కలవని అంకెను దాచకండి. గాలి నుంచి తీసిన నైట్రోజన్ కన్నా, అమ్మోనియా నుంచి తీసినది కాస్త తేలికగా ఉందని ఇంగ్లండులో రాలీ గమనించాడు. తేడా స్వల్పమే. సర్దేసి ఊరుకోవచ్చు. ఆయన మాత్రం 1892లో 'నేచర్' పత్రికకు ఉత్తరం వ్రాసి, కారణం చెప్పగలరా అని పాఠకులనే అడిగాడు. 1894లో రామ్సేతో కలిసి తేల్చిందేమిటంటే, గాలిలో అంతవరకూ ఎవరికీ తెలియని వాయువు దాగి ఉంది. అదే ఆర్గాన్.

మీ రాయి 4.5 కన్నా తేలికగా కనిపిస్తే అది త్రాసు తప్పా, రాయిలో కలిసిన వేరే ఖనిజమా? పెద్ద ముక్కతో చూడండి. అవే గీతలున్న 1 కిలో త్రాసు మీద గాలిలో 750, నీటిలో 570 వచ్చిందనుకుందాం. ఇప్పుడు 5 గ్రాములు అటూ ఇటూ అయినా జవాబు 4.05కీ 4.29కీ మధ్యనే ఉంటుంది. 4.5 ఇక అందులో లేదు.