బొమ్మ చూసి పేరు చెప్పేవాళ్ళు

1950 ఏప్రిల్‌లో ‘బీనో’ అనే పిల్లల కామిక్ పత్రిక బ్రిటన్‌లో వారానికి దాదాపు 20 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. స్కాట్లండ్‌లోని డండీ నగరం నుంచి డి.సి. థామ్సన్ కంపెనీ వేసే పత్రిక అది. అదే కంపెనీ 1937 డిసెంబరులో ‘డాండీ’ని మొదలుపెట్టి, ఎనిమిది నెలలు తిరక్కుండానే బీనోను తెచ్చింది. దేశంలో పిల్లలున్న ఇల్లు ఏదైనా ఈ రెండిట్లో ఒకటి కనిపించే రోజులవి. అయినా ఆ బొమ్మలు వేసేదెవరని అడిగితే పిల్లలే కాదు, కొనిచ్చే పెద్దలూ చెప్పలేకపోయేవారు. పత్రికలో ఆ పేర్లు వేసేవారు కాదు మరి. డాండీలో డెస్పరేట్ డాన్‌ను గీసిన డడ్లీ వాట్కిన్స్ లాంటి ఒకరిద్దరికి మాత్రం కంపెనీ సంతకం చేసుకోనిచ్చింది, అదీ యుద్ధం ముగిశాకే. ఇవాళ ఈ పాత కామిక్స్‌ను పోగుచేసి, చర్చించుకుని, మురిసిపోయే అభిమానులను చూస్తే బయటివాళ్ళకు కొంచెం నవ్వులాటగానే ఉంటుంది. జుట్టు నెరిసినా చిన్నతనం పోని మనుషులని అనుకుంటారు. నిజానికి పత్రికలు దాచిపెట్టిన పేర్లను బయటికి లాగింది వీళ్ళే. వీళ్ళ చూపే లేకపోతే బ్రిటిష్ కామిక్స్‌కు పాత్రల జాబితా మిగిలేది గాని చరిత్ర మిగిలేది కాదు.

పేర్లు ఎందుకు దాచారన్నది పెద్ద రహస్యమేమీ కాదు. 1890లో ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అర పెన్నీకి ‘కామిక్ కట్స్’ అమ్మిన నాటి నుంచీ అది చవగ్గా, వేగంగా, వారం తప్పకుండా సాగాల్సిన వ్యాపారం. పాత్ర కంపెనీది, చిత్రకారుడు పుటకింత అని కూలి పుచ్చుకునేవాడు. అతను జబ్బుపడ్డా, అలిగి వెళ్ళిపోయినా మరొకరు అదే తీరులో గీసేయాలి, చదివే పిల్లవాడికి తేడా తెలియకూడదు. పేరు అచ్చయితే పోటీ కంపెనీ ఎగరేసుకుపోతుంది, పాఠకుల ఉత్తరాలు అతని పేరనే వస్తాయి, రేపు కూలి పెంచమంటాడు. లండన్ పత్రికల కార్యాలయాల్లోనైతే మూలన కనబడకుండా చేసిన సంతకం మీద కూడా తెల్లరంగు పూసి అచ్చుకు పంపేవారు. అసలు బొమ్మలు తిరిగిచ్చే మాటే లేదు. పత్రిక అచ్చయ్యాక ఎన్నో పుటలు గోదాముల్లోనే పాడైపోయాయి. సొమ్మొకడిది సోకొకడిది అనే సామెత ఈ వ్యాపారానికి అక్షరాలా సరిపోతుంది.

అయితే సంతకాన్ని చెరిపేయగలరు గాని గీతను చెరిపేయలేరు. వాట్కిన్స్ గీత దిట్టంగా, తొణక్కుండా ఉంటుంది. డాన్ గడ్డం మీది ముళ్ళలాంటి వెంట్రుకలు, కొమ్ములూ తోకా బయటికి పొడుచుకొచ్చిన ఆవు మాంసం పై, ఏది చూసినా చేత్తో పట్టుకోవచ్చనిపిస్తుంది. 1951 మార్చిలో బీనోలో డెనిస్ ద మెనిస్‌ను మొదలుపెట్టిన డేవిడ్ లా తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. (అదే నెలలో అమెరికాలోనూ అదే పేరుతో మరో డెనిస్ పుట్టాడు. వీడికీ వాడికీ చుట్టరికం లేదు.) లా గీత గబగబా గీకేసినట్టు ఉంటుంది, కాళ్ళూ చేతులూ సాగిపోతాయి, బొమ్మ కుదురుగా నిలబడదు. లియో బాక్సెండేల్ చేతికి గుంపు కావాలి. 1954లో అతను మొదలుపెట్టిన బడిపిల్లల బొమ్మల్లో, తర్వాత ‘బాష్ స్ట్రీట్ కిడ్స్’ అని పేరుపడ్డ ఆ వరసలో, గంట కొట్టగానే వందమంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి పరుగెత్తుతారు. ఆ వందమందిలో ఏ ఇద్దరూ ఒకే పని చేస్తూ కనిపించరు. ఇక కెన్ రీడ్. 1958లో అతను గీయడం మొదలుపెట్టిన జోనా ఎక్కిన ఓడనల్లా ముంచే నావికుడు. వాణ్ణి చూడగానే తోటి నావికుల ముఖాల్లో పుట్టే భయాన్ని, సాగిన దవడనీ వణికే చెంపనూ వదలకుండా, రీడ్ చిన్నచిన్న గళ్ళలో ఎంత నలగ్గొట్టి గీస్తాడంటే నవ్వుతోపాటు కాస్త వికారం కూడా కలుగుతుంది. ఒక్క ముఖం చాలు, అది రీడ్‌దని చెప్పేయవచ్చు. తర్వాతి తరంలో టామ్ పాటర్సన్ తన బొమ్మల్లో ఏదో ఒక మూల కంపుకొట్టే చారల మేజోడు ఒకటి పడేసేవాడు. అభిమానులు దాన్నే అతని సంతకంగా చదువుకున్నారు.

ఈ చూపు కొందరికి పుట్టుకతో వచ్చిందేమీ కాదు, వేల పుటలు పక్కపక్కన పెట్టి చూడగా వచ్చింది. ఆ పనిని ఒక పద్ధతిలో పెట్టినవాడు డెనిస్ గిఫోర్డ్. అతనూ కామిక్స్ గీసినవాడే, అంతకుమించి సేకరించినవాడు. అతని ఇల్లు పాత సంచికలతో నిండిపోయి ఉండేది. 1874 నుంచి 1974 దాకా నూరేళ్ళలో వచ్చిన బ్రిటిష్ కామిక్స్‌కు అతను తయారుచేసిన జాబితా 1975లో పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాది అతను బ్రిటిష్ కామిక్స్ చిత్రకారులనూ రచయితలనూ ఒకచోట చేర్చి సభ పెట్టాడు. అప్పటిదాకా విశ్వవిద్యాలయాలు ఈ కాగితాల వైపు పెద్దగా తొంగిచూడలేదు. చెత్తబుట్టకు పోవాల్సినవాటిని దాచి, తేదీలు వేసి, ఎవరి చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాసిపెట్టింది జీతం లేని ఇలాంటి మనుషులే.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ, ఇదంతా చిన్ననాటి మమకారమే, కళాభిమానం ముసుగు వేసుకుందంతే అని. మమకారం ఉంది, కాదనలేం. కానీ ఉత్త మమకారానికి పాత్ర చాలు. డండీ నడివీధిలో 2001లో పెట్టిన డెస్పరేట్ డాన్ కంచు విగ్రహం దగ్గర ఫొటో దిగితే అది తీరిపోతుంది. 1962లో బాక్సెండేల్ అలసిపోయి థామ్సన్ కంపెనీని వదిలేశాక బాష్ స్ట్రీట్ పిల్లలను డేవిడ్ సదర్లండ్ గీయసాగాడు. మొదట్లో అచ్చం బాక్సెండేల్‌లాగే గీశాడు, పోనుపోను తన తీరు తెచ్చుకున్నాడు. ఆ మలుపు ఎక్కడో వెతికేవాడికి కావలసింది బాల్యం కాదు, గీత. పైగా తాము పుట్టకముందు ఆగిపోయిన పత్రికలను పట్టుకుని కూర్చున్నవాళ్ళూ, బ్రిటన్ ముఖమే చూడనివాళ్ళూ ఈ అభిమానుల్లో ఉన్నారు. 1962లో ‘వేలియంట్’ పత్రికలో మొదలైన స్టీల్ క్లా బొమ్మలు వేసింది బార్సిలోనాకు చెందిన హెసూస్ బ్లాస్కో. ఆ కథే ‘ఇరుంబుక్కై మాయావి’ అయి 1972లో ముత్తు కామిక్స్ ద్వారా తమిళ పిల్లల చేతికొచ్చింది. వాళ్ళలో ఇంగ్లండు బాల్యం మీద బెంగ ఎవరికుంటుంది?

రెండో ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. కామిక్ ఒక్కడి పని కాదు. కథ రాసేవాడు, మాటలు దిద్దేవాడు, ఎవరికి ఏ పాత్ర నప్పుతుందో కనిపెట్టే సంపాదకుడు, అందరూ కలిస్తేనే పుట తయారవుతుంది. అభిమానులు మాత్రం చిత్రకారుణ్ణి ఎత్తుకుని ఊరేగిస్తారు. ఈ మాటలో నిజముంది. బొమ్మ చూసి చెయ్యి చెప్పవచ్చు గాని మాట చూసి రచయితను చెప్పడం చాలా కష్టం, అందుకే రచయితలు ఇంకా వెనకబడే ఉన్నారు. చెయ్యి చెప్పడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. బాక్సెండేల్ సృష్టించిన స్వీనీ టాడ్లర్‌ను తర్వాత పాటర్సన్ అదే ఒరవడిలో గీశాడు, అలాంటిచోట కళ్ళు ఎంత మంచివైనా మోసపోతాయి. కానీ తప్పు దిద్దాలన్నా ముందు ఒకరు ఏదో ఒక పేరు చెప్పాలి కదా. కంపెనీలు ఏ పేరూ చెప్పలేదు.

పేరు తెలిస్తే ఒరిగేదేమిటి, కూలి పెరిగిందా అని అడిగేవాళ్ళకు సూటి జవాబు లేదు. 1950లో మొదలైన ‘ఈగిల్’లో డాన్ డేర్ బొమ్మల కింద ఫ్రాంక్ హాంప్సన్ పేరు ఉండేది, హక్కులు మాత్రం కంపెనీవే. తన ‘ట్రిగన్ ఎంపైర్’ బొమ్మలను విదేశాల్లో మళ్ళీమళ్ళీ వేసుకుంటున్నారని, తనకు అందులో పైసా రావడం లేదని డాన్ లారెన్స్‌కు తెలిసింది 1976లో. ఆ కోపంతో ఆ పని మానేసి డచ్చి పత్రికకు గీయడానికి వెళ్ళిపోయాడు. బాక్సెండేల్ తన పాత్రల మీద హక్కు కోసం థామ్సన్ కంపెనీపై ఏడేళ్ళు దావా నడిపాడు. 1987లో అది కోర్టు బయట రాజీతో ముగిసింది. పేరు ఒక్కటే అన్నం పెట్టదు. కాకపోతే పేరు లేనివాడు దావా వేసే స్థితికే రాడు. 1977లో మొదలైన ‘2000 ఎ.డి.’లో కెవిన్ ఓనీల్ చొరవతో కథ, బొమ్మలు, అక్షరాలు ఎవరివో వేయడం మొదలుపెట్టాక మిగతా పత్రికల మౌనం ఎబ్బెట్టుగా కనబడసాగింది. 2016 నుంచి రెబెలియన్ సంస్థ పాత లండన్ కామిక్స్ హక్కులు కొని పుస్తకాలుగా వేస్తూ వస్తోంది. కెన్ రీడ్ ‘ఫేసేక్’ 2017లో అలా వచ్చింది, చిత్రకారుడి పేరుతో. ఆ పేరుకు కొనేవాళ్ళున్నారన్న ధీమాను ఆ సంస్థకు ఇచ్చింది అభిమానులే.

మరొక చిక్కు ఉంది, దీన్ని అభిమానులు దాటేయడానికి చూస్తారు. బీనో తొలి సంచికల ముఖచిత్రం మీద పుచ్చకాయ ముక్క తింటున్న నల్లపిల్లవాడి బొమ్మ ఉండేది, వెక్కిరింతగా గీసినదే. బాక్సెండేల్ ‘లిటిల్ ప్లమ్’ అమెరికా ఆదివాసులను కోతి చేష్టలకు వాడుకుంది. కథలు బెత్తం దెబ్బలతో ముగియడం రివాజు. ఆ కాలం అలాంటిదని చెప్పి వదిలేస్తే మెచ్చుకోలు బలహీనపడుతుంది. ఎవరి చెయ్యో చెప్పడమంటే పొగడ్తకు మాత్రమే చిరునామా రాయడం కాదు, నిందకు కూడా. ఒకే మనిషి గుంపును అంత ప్రాణంతో గీసి, ఒక జాతిని అంత మొరటుగా గీయడం ఎలా కుదిరిందన్నది పేరు తెలిశాకే అడగగలిగే ప్రశ్న.

అన్నింటికంటే పెద్ద వెలితి అమ్మాయిల పత్రికల దగ్గర ఉంది. 1958లో వచ్చిన ‘బంటీ’, 1971లో వచ్చిన ‘టామీ’ లాంటివాటిని అబ్బాయిల కామిక్స్ సేకరించేవాళ్ళు చాలాకాలం పట్టించుకోలేదు. స్పెయిన్ నుంచి ఏజెన్సీల ద్వారా బొమ్మలు పంపిన చిత్రకారులు వీటిలో ఎందరో ఉన్నారు. టామీ 1982లో రచయితల, చిత్రకారుల పేర్లు వేయడం మొదలుపెట్టి, ఆ సంచికలను సాక్ష్యంగా మిగిల్చింది. ఇప్పుడు ఆ పత్రికల అభిమానులు, వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే, ఆ పేరున్న పుటలను పక్కన పెట్టుకుని వెనక్కి వెళ్తున్నారు. కనురెప్ప గీసిన తీరు, గుర్రం మెడ వంపు, కన్నీటి చుక్క మీది తెల్ల చుక్క పోల్చి చూస్తూ, పదేళ్ళ ముందటి పేరులేని పుటలకు ఒక్కొక్కటిగా పేర్లు రాస్తున్నారు.