ఆదివారపు ప్రయోగములు: పిల్లలతో గూడి పెద్దలును

మా ప్రాంతమున కొన్ని గ్రామములలో ఆదివారము మధ్యాహ్నము సహకార సంఘపు గిడ్డంగి వసారాలో నొక కూటము జరుగుచున్నది. అచ్చట ఉపన్యాసము లేదు. తడిగుడ్డలు, గాజుసీసాలు, ఉప్పు, కోడిగ్రుడ్డు, పొలమునుండి పెరికి తెచ్చిన మొక్కలు మాత్రముండును. పిల్లలు తల్లినో తండ్రినో వెంటబెట్టుకొని రావలెనని నియమము. ఒంటరిగా వచ్చిన బిడ్డను మేము త్రిప్పిపంపము గాని, "పోయి మీ అమ్మనైనను పిలుచుకొని రా" అని చెప్పుదుము.

చేతితో చేసి నేర్చుకొను ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో 1972వ సంవత్సరమున 16 మాధ్యమిక పాఠశాలలలో పాఠము వల్లె వేయించుట మాని, పిల్లలచేతనే ప్రయోగములు చేయింప నారంభించిరి. ఆ కార్యక్రమము 2002 వరకు నడచి ప్రభుత్వపు టుత్తరువుచే నిలిచిపోయెను. 1999లో నేర్పడి మన చిత్తూరు జిల్లా కుప్పమున ప్రాంగణము గల అగస్త్య సంస్థవారు ప్రయోగ సామగ్రిని బండ్లపై నెక్కించి పల్లెలకు కొనిపోవుచున్నారు. పట్టణములలో శని, ఆదివారములందు రుసుము గైకొని పిల్లలచే మరబొమ్మలు కట్టించు శిబిరములును గలవు. వానిని మేము నిందింపము. కాని మన పిల్లవానికి మరబొమ్మకంటె ముందు తన యింటి విత్తనము తెలియవలెనని మా యభిప్రాయము.

కావున మా కూటములలో మొదటి ప్రయోగము మొలక పరీక్షయే. విత్తనపు బస్తాలో పైనుండియు, నడుమనుండియు, అడుగునుండియు గింజలు తీసి కలిపి, అందులో 100 గింజలను లెక్కించి, తడిపి పిండిన గుడ్డపై వరుసకు పది చొప్పున పేర్చి, చాపవలె చుట్టి నీడను ఉంచవలెను. గుడ్డ ఆరనీయరాదు, నీరు కారునట్లును ఉండరాదు. పిల్లలు సహజముగా బలిసిన గింజలనే యేరుదురు. అట్లేరినచో పరీక్ష అబద్ధమగును. చేతికి వచ్చినది వచ్చినట్లు తీయవలెనని వారికి మాటిమాటికి చెప్పవలసియున్నది. (పెద్దలకును చెప్పవలసి వచ్చుచున్నది.) ధ్రువపరచిన విత్తనమునకు వరి నూటికి 80, వేరుసెనగ నూటికి 70 మొలవవలెనని నియమము గలదు. కడపటి లెక్కకు వరికి 14 దినములు, వేరుసెనగకు 10 దినములు గడువు.

ఒక గ్రామమున నైదవ తరగతి చదువు పిల్లవాడు తన తండ్రి అప్పుచేసి కొనిన వేరుసెనగనుండి నూరు గింజలు చుట్టెను. మరుసటి ఆదివారము విప్పి చూడగా 41 మాత్రమే మొలచినవి. "నాన్నా, ఇవి మొలవవు" అని వాడనగా, "మొన్న పుట్టినవాడివి, నీవా నాకు విత్తనము సంగతి చెప్పేది?" అని తండ్రి కసరెను. పదుగురిలో కుమారుడు తప్పుపట్టుట యెవరికి రుచించును? ఐనను ఆయన ఆ రాత్రి మరి రెండు చుట్టలు తానే చుట్టెను. పదియవ నాడు తానే లెక్కించెను. ఒకదానిలో 44, మరియొకదానిలో 39. అప్పటికి దుక్కి సిద్ధముగా నున్నది, ఆకాశమున మబ్బులు పట్టుచున్నవి. సంఘపు కార్యదర్శిని వెంటబెట్టుకొని, ఆ మూడు చుట్టలను చంకబెట్టుకొని వ్యాపారి యొద్దకు పోయెను. వ్యాపారి మొదట నవ్వెను. చుట్టలు విప్పి బల్లపై పరచిన పిమ్మట నవ్వు మాని, రెండు బస్తాలు మార్చి యిచ్చెను. మూడవదానిలో కాయలు కొంత యొలిచినవని త్రిప్పి తీసికొనలేదు. అది తక్కువ ధరకు నూనె మిల్లుకు పోయినది. ఆ నష్టము నష్టమే. కాని ఆ గింజ పొలమున బడియుండినచో సాలులో సగముపైగా ఖాళీయై, అప్పు మాత్రము పూర్తిగా మిగిలియుండెడిది.

ఇచ్చట నొక హెచ్చరిక. క్రొత్తగా పెరికిన తీగ వేరుసెనగకు కొంతకాలము నిద్రావస్థ యుండును. అట్టిది మొలవనంతమాత్రమున చచ్చిన గింజ యనరాదు. మరియు మందు పట్టించి రంగు వేసిన విత్తనమును పిల్లలచే ముట్టింపరాదు. దానిని పెద్దలే చుట్టి చేతులు కడుగుకొనవలెను.

తక్కిన ప్రయోగములను క్లుప్తముగా చెప్పెదము. నీటిలో క్రొత్త కోడిగ్రుడ్డు వేసి, అది తేలి పావలా బిళ్లంత పైకి కనబడువరకు ఉప్పు కరగించి, ఆ నీటిలో వరివిత్తనము పోయగా తాలు తేలును. మునిగిన గింజను వెంటనే మంచినీట రెండు మూడుసార్లు కడుగనిచో మొలక చెడును. ఇది చూచి యొక తల్లి, "చేటతో మేము చేసేదీ ఇదే కదయ్యా" అనెను. నిజమే. చేట గాలితో వేరుచేయును, ఉప్పునీరు బరువుతో వేరుచేయును.

సీసాలో మూడవవంతు మన్ను వేసి నీరు నింపి కుదిపి నిలిపినచో ఇసుక నిమిషములో దిగును, ఒండ్రు కొన్ని గంటలకు, బంకమన్ను మరునాటికిగాని దిగదు. పిల్లలు సీసాను కనిపెట్టుకొని కూర్చుండగా, ఒక ముదుసలి కాపు చిటికెడు మన్ను అరచేత రాచి ఇసుక పాలెంతో ముందే చెప్పెను. మరునాడు సీసా ఆయన మాటనే బలపరచెను. ఆనాటినుండి పిల్లలు సీసాను వదలి ఆయన వెంట బడిరి. మేము వారింపలేదు.

పిల్లిపెసర, జనుము వేళ్లపై బుడిపెలను గోటితో చీల్చి చూచుట పిల్లలకు మిక్కిలి యిష్టము. లోపల గులాబి రంగున్నచో గాలిలోని నత్రజనిని మొక్కకందించు సూక్ష్మజీవులు పనిచేయుచున్నవని యర్థము. ఆ జీవులను 1888లో బైజరింక్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు వేరుచేసి పెంచెను. వేరుపురుగు పట్టినదని భ్రమించి ఈ బుడిపెలున్న మొక్కలను పెరికివేసినవారు మనలో లేకపోలేదు.

రానున్న తొలకరికి ముందు నాలుగు ఆదివారములును మొలక పరీక్షకే వినియోగింపదలచితిమి. సభ్యులు విత్తదలచిన ప్రతి బస్తానుండి రెండేసి గుప్పెళ్ల గింజలను, పాత పంచె ముక్కను, ఇంటి పిల్లలను తీసికొని రావలయును. చుట్టపై ఇంటిపేరును, చుట్టిన తేదీని బొగ్గుతో వ్రాయు పని పిల్లలది. నీళ్లు చిలకరించు వంతు పెద్దలది.