పెటలూమా పిల్లుల టీకా

1986లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని పెటలూమా పట్టణంలో ఒకచోట చేరదీసి పెంచుతున్న పిల్లులు వరసగా జబ్బుపడ్డాయి. చిగుళ్లు వాచాయి, ముక్కులు కారాయి, విరేచనాలతో చిక్కి శల్యమయ్యాయి. పిల్లుల్లో వచ్చే ల్యుకేమియా వైరస్ అయి ఉంటుందని పరీక్షిస్తే అది లేదు.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో ఆ పిల్లుల రక్తం నుంచి ఒక కొత్త వైరస్‌ను వేరుచేసి, 1987లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. తర్వాత దానికి ఎఫ్ఐవీ అనే పేరు స్థిరపడింది. ఇది హెచ్ఐవీకి దాయాది. రెండూ లెంటివైరస్‌లే. ఒంటిని కాపాడాల్సిన టీ కణాల్లోనే రెండూ కాపురం పెడతాయి. ఎఫ్ఐవీ మనుషులకు సోకదు. పిల్లులు కొట్లాడి కరుచుకున్నప్పుడు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుంది.

ఇలాంటి వైరస్‌కు టీకా చేయడం కష్టం. పైతొడుగు మార్చుకుంటూ పోతుంది కాబట్టి యాంటీబాడీలు దాన్ని గుర్తుపట్టలేవు. అందుకే యమమోటో బృందం ఒకే రకాన్ని నమ్ముకోలేదు. పెటలూమా వైరస్‌ను, జపాన్‌లో దొరికిన షిజువోకా వైరస్‌ను చంపి ఒకే టీకాలో కలిపింది. 2002లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది.

టీకా బతుకు సాఫీగా సాగలేదు. అది వేయించుకున్న పిల్లికి యాంటీబాడీ పరీక్ష చేస్తే జబ్బు ఉన్నట్టే చూపేది. అన్ని రకాల ఎఫ్ఐవీ నుంచీ ఒకేలా కాపాడలేకపోయింది. చివరికి అమెరికా, కెనడాల్లో అమ్మకం ఆగిపోయింది.

కానీ అది నేర్పిన పాఠం మిగిలింది. రక్షణలో యాంటీబాడీలకే కాదు, సోకిన కణాలను చంపే టీ కణాలకూ పాత్ర ఉందని పిల్లుల్లో తేలింది. ఆ దారినే వెళ్లిన యమమోటో బృందం 2013లో ఒక విశేషం ప్రకటించింది. హెచ్ఐవీ సోకినవారి టీ కణాలు పిల్లి వైరస్ ప్రోటీన్ ముక్కల్లో కొన్నింటికి స్పందించాయి! పిల్లిలో ఒకటి, మనిషిలో ఒకటి బతుకుతున్నా ఈ రెండు వైరస్‌లూ ఆ భాగాలను పెద్దగా మార్చుకోలేదంటే, అవి వాటికి ప్రాణావసరం అన్నమాట. వైరస్ తొడుగు మార్చుకోగలదు గానీ వెన్నెముక మార్చుకోలేదు. టీకా గురిపెట్టాల్సింది అక్కడే.

పిల్లుల టీకాలో చేసినట్టు హెచ్ఐవీని చంపి ఆరోగ్యవంతులకు ఎక్కించడం ప్రమాదం. సరిగా చావని వైరస్ కాస్త మిగిలినా ముప్పే. మారని ముక్కలను మాత్రమే వాడితే ఆ భయం ఉండదు.

హెచ్ఐవీకి టీకా ఇంకా రాలేదు గానీ, దానికి ఒక దారి చూపింది పిల్లులే. జంతువుల జబ్బుల మీద పరిశోధనకు పెట్టే డబ్బు దండగ అనుకునేవారు ఈ పిల్లుల కథ ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.